72 పరీక్షల ఫైలులో ఎవరూ పట్టించుకోని ఒక అంకె

ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు ఏటా వైద్య పరీక్షలు చేయించుకోవాలా అని అడిగిన ప్రతివారికీ చాలాకాలం పాటు నేను "చేయించుకుంటే మంచిదే కదా" అనే చెబుతూ వచ్చాను. ఆ జవాబులో ఎంత లోపం ఉందో నాకు తెలియజెప్పిన కేసు ఇది. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను గానీ వైద్యానికి సంబంధించిన అంకెలను ముట్టుకోలేదు.

కేసు నేపథ్యం

రోగి వయసు 44 ఏళ్లు. ఇద్దరు పిల్లల తల్లి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగింది. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. పొగ తాగే అలవాటు లేదు, మద్యం లేదు, రోజూ వేసుకునే మందులు లేవు. ఆరోగ్యం విషయంలో అశ్రద్ధ చేసే మనిషి కాదు. మూడేళ్లుగా ఏటా ఒకే చోట, ఒకే నెలలో, ఫుల్ బాడీ చెకప్ చేయించుకుంటున్నారు. ఆ ప్యాకేజీలో మొత్తం 72 పరీక్షలు. నా దగ్గరకు వచ్చింది మాత్రం చెకప్ కోసం కాదు. ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టడం లేదని, తలనొప్పి తగ్గడం లేదని వచ్చారు. ఆపరేషన్ ఎందుకు జరిగిందని అడిగితే మాట్లాడకుండా ఫైలు నా ముందుకు జరిపారు.

ఫైలులో ఉన్న కథ ఇది. మూడో ఏటి చెకప్‌లో సీఏ-125 అనే ట్యూమర్ మార్కర్ 58 వచ్చింది. 35 లోపు ఉండాలని రిపోర్టులో అచ్చువేసి ఉంది. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే మార్కర్ అని ఆమె ఆ రాత్రే చదివి తెలుసుకున్నారు. మర్నాడు స్కానింగ్ తీస్తే ఎడమ అండాశయంలో 3.4 సెంటీమీటర్ల నీటి తిత్తి, గర్భాశయంలో చిన్న ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) కనిపించాయి. ఇద్దరు నిపుణుల్ని కలిశారు. ఒకరు ఆగి రెండు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. రెండోవారు "క్యాన్సర్ కాదని ఇప్పుడే చెప్పలేం, తీసేస్తే తేలిపోతుంది" అన్నారు. ఆమె రెండోవారి మాట విన్నారు. ఆ స్థితిలో ఉన్న చాలామంది అదే చేస్తారు. ల్యాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) ద్వారా ఎడమ అండాశయాన్ని తొలగించారు. బయాప్సీలో అది నెలసరి చక్రంలో భాగంగా వచ్చిపోయే మామూలు తిత్తి అని తేలింది. కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి మూడు వారాలు ఉద్యోగానికి వెళ్లలేకపోయారు. సీఏ-125 రిపోర్టు చేతికి వచ్చిన రోజు నుంచి బయాప్సీ ఫలితం వచ్చేదాకా 19 రోజులు. ఆ రోజుల్లో పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలో కూడా ఆలోచించుకున్నానని చెప్పినప్పుడు ఆమె గొంతు వణికింది.

నేనడిగిన మొదటి ప్రశ్న, రక్తం ఇచ్చిన రోజు నెలసరి ఉందా అని. తేదీలు లెక్కపెట్టి, అది రెండో రోజని చెప్పారు. నెలసరి సమయంలో సీఏ-125 పెరుగుతుంది. ఫైబ్రాయిడ్లు ఉన్నా, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నా, గర్భం వచ్చినా పెరుగుతుంది. రక్తం తీసిన చోట ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫారంలో దానికి గడి కూడా లేదు.

నీలం సిరాతో రాసిన అంకె

ఫైలును వెనక నుంచి ముందుకు తిప్పుతూ వచ్చాను. లోపలి పేజీల్లో మామూలు పరిధి దాటిన ప్రతి ఫలితమూ నల్లటి దళసరి అక్షరాల్లో ఉంది. విటమిన్ డి కాస్త తక్కువ, యూరిక్ యాసిడ్ ఒక గీత ఎక్కువ, రక్తకణాల లెక్కలో ఏదో ఒక ఉపవిభాగం కొద్దిగా తక్కువ. వాటిలో కొన్నింటికి మాత్రలు కూడా రాశారు. మొదటి పేజీలో ఎత్తు, బరువు, నాడి అనే మూడు గీతల కింద బీపీ అని ఉంది. దాని పక్కన ఎవరో నర్సు నీలం సిరా పెన్నుతో రాసిన అంకెలు: మొదటి ఏడు 146/92, రెండో ఏడు 150/94, మూడో ఏడు 156/98. వాటిని కంప్యూటరు అచ్చువెయ్యలేదు కాబట్టి దళసరి అక్షరాలు లేవు. బాణం గుర్తు లేదు, కింద సలహా లేదు. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు రాసిన కాగితంలో 160/100 అని ఉండి, పక్కన "ఆందోళన వల్ల" అని ఉంది.

కుటుంబ చరిత్ర ఫైలులో ఎక్కడా లేదు. అడిగితే, వాళ్ల నాన్నగారికి 52వ ఏట పక్షవాతం వచ్చిందని చెప్పారు. మూడేళ్లలో ఈ మాట అడిగినవాళ్లు లేరు. ఇంకొకటి కూడా ఫైలులో లేదు. ఆమె వయసు స్త్రీలకు కచ్చితంగా మేలు చేస్తుందని రుజువైన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు రాకముందే జబ్బును వెతికే పరీక్ష) ఆ 72 పరీక్షల్లో లేదు, అంతకుముందూ ఎన్నడూ జరగలేదు.

ఆ రోజు చేసిన పని

ముందు బీపీ సరిగ్గా కొలిచాను. సరిగ్గా అనే మాటను ఊరికే వాడటం లేదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు తాకేలా, చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా కూర్చోబెట్టి, చేతి చుట్టుకొలతకు సరిపోయే పట్టీతో రెండుసార్లు చూశాను. 154/98, 152/96. డాక్టరు ఎదురుగా ఉంటేనే పెరిగే బీపీ కూడా ఉంటుంది కాబట్టి, ఏడు రోజులపాటు ఇంట్లో ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు కొలిచి రాసుకురమ్మన్నాను. మొదటి రోజు కొలతలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే 147/93 వచ్చింది. ఇంటి కొలతల్లో 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క.

మూత్రంలోకి ప్రొటీన్ ఎంత కారుతోందో చెప్పే అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూస్తే గ్రాముకు 84 మిల్లీగ్రాములు. 30 లోపు ఉండాలి. నెలసరి రోజులు కాకుండా చూసుకుని కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయిస్తే 76. అంటే అధిక రక్తపోటు చాలాకాలంగా ఉండి, మూత్రపిండాల వడపోతను అప్పటికే దెబ్బతీయడం మొదలుపెట్టింది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) మాత్రం మామూలుగానే ఉంది. అందుకే ప్యాకేజీలో కిడ్నీ విభాగం ఎదురుగా ప్రతి ఏటా "నార్మల్" అనే ఉంది. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 5.9, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ.

టెల్మిసార్టాన్ అనే బీపీ మందు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీలకు ఈ మందు ఇవ్వకూడదు కాబట్టి ముందు ఆ సంగతి రూఢి చేసుకున్నాను. రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూశాను. తలనొప్పికి ఆమె తరచూ వేసుకుంటున్న నొప్పి మాత్రల్ని ఆపించాను, అవి కూడా బీపీని పెంచుతాయి. ఆరు వారాల తర్వాత ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు 5 మిల్లీగ్రాములు జోడించాల్సి వచ్చింది. ఉప్పు తగ్గించుకోవడం, రోజూ నడవడం గురించి భర్తను కూడా కూర్చోబెట్టి మాట్లాడాను. హెచ్‌పీవీ పరీక్ష (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ కోసం) చేయించాను, నెగెటివ్ వచ్చింది.

దారి ఎక్కడ తప్పింది

ఈ కేసులో ఏ ఒక్కరూ ఘోరమైన తప్పు చేశారని నేను అనను. ల్యాబ్ తన పని చేసింది, స్కానింగ్ ఉన్నదే చూపించింది, సర్జన్ రోగి భయాన్ని చూసి నిర్ణయం తీసుకున్నారు. తప్పు మొదటి అడుగులోనే జరిగింది. ఆ సీఏ-125 పరీక్షను ఆమెకు అసలు చేయకూడదు. ఒక అంకె కాగితం మీదికి ఎక్కాక దాన్ని వదిలెయ్యమని చెప్పడం ఏ డాక్టరుకూ తేలిక కాదు, వినడం ఏ రోగికీ తేలిక కాదు. అక్కడి నుంచి పరీక్ష వెంట పరీక్ష గొలుసులా వస్తూనే ఉంటుంది.

దీని వెనకున్న లెక్క రోగులకు చెప్పి తీరాలి. 10,000 మంది లక్షణాలు లేని స్త్రీలలో ఒకరికి అండాశయ క్యాన్సర్ దాగి ఉందనుకుందాం. జబ్బు లేనివాళ్లలో నూటికి 98 మందిని సరిగ్గా "లేదు" అనే పరీక్ష ఉందనుకుందాం. వినడానికి చాలా మంచి పరీక్షే. అయినా మిగిలిన ఇద్దరి లెక్కన దాదాపు 200 మందికి "ఉండవచ్చు" అని వస్తుంది. ఆ 200 మందిలో నిజంగా జబ్బు ఉన్నది ఒక్కరికి. ఆ ఒక్కరి కోసం మిగతా అందరూ స్కానింగులకూ, కొందరు కత్తి కిందికీ వెళ్లాలి. జబ్బు ఎంత అరుదైతే, పాజిటివ్ రిపోర్టుకు అంత విలువ తగ్గుతుంది. అదే పరీక్షను పొట్ట ఉబ్బి, బరువు తగ్గుతున్న స్త్రీకి చేస్తే ఆ రిపోర్టుకున్న బరువే వేరు.

ఇది ఊహాలెక్క మాత్రమే కాదు. అమెరికాలో జరిగిన పీఎల్‌సీవో ట్రయల్‌లో 55 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 78,216 మంది స్త్రీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఏటా సీఏ-125, అల్ట్రాసౌండ్ చేశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. పరీక్షలు జరిగిన గుంపులో అండాశయ క్యాన్సర్‌తో 118 మంది, మామూలు వైద్యం అందిన గుంపులో 100 మంది మరణించారు. అంటే స్క్రీనింగ్ వల్ల మరణాలు తగ్గలేదు. తప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ జరిగింది, అందులో 163 మందికి కనీసం ఒక తీవ్రమైన సమస్య తలెత్తింది. నా రోగి కుట్ల ఇన్ఫెక్షన్‌తో బయటపడ్డారు. ఆ 163 మందిలో కొందరికి అంతకంటే పెద్ద ఇబ్బందులే వచ్చి ఉంటాయి.

దళసరి అక్షరాల గురించి కూడా చెప్పాలి. చాలా పరీక్షల్లో "మామూలు పరిధి" అంటే ఆరోగ్యవంతుల్లో మధ్యనున్న 95 శాతం మంది ఫలితాలు పడే హద్దు. ఆ లెక్కన పూర్తి ఆరోగ్యవంతుల్లో కూడా 5 శాతం మంది ప్రతి పరీక్షలోనూ హద్దు బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒకటైనా దళసరి అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. 72 పరీక్షల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

"మరి పరీక్షలు దండగేనా?"

రెండో సందర్శనలో ఆమే అడిగారు. "డాక్టర్ గారూ, నేను చెకప్‌కు వెళ్లకపోతే ఆ బీపీ అంకె కూడా ఉండేది కాదు కదా. మరి వెళ్లడం తప్పెలా అవుతుంది?" ఈ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆమె అన్నది న్యాయమైన మాటే. అధిక రక్తపోటుకు లక్షణాలు ఉండవు. కొలిస్తేనే తెలుస్తుంది, తెలిస్తేనే పక్షవాతాన్ని ఆపగలం. ఆరోగ్యంగా ఉన్నామనుకునేవాళ్లే కొలిపించుకోవాల్సిన విషయం అది.

మొత్తంగా చెకప్‌ల మీద జరిగిన ట్రయల్స్ చెప్పేది వేరేలా ఉంది. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్షలో 17 ట్రయల్స్ ఉన్నాయి. వాటిలో మరణాలూ జబ్బుల ఫలితాలను తెలిపిన 15 ట్రయల్స్‌లో 2,51,891 మంది పాల్గొన్నారు. సాధారణ చెకప్‌లకు పిలిచిన గుంపుకూ పిలవని గుంపుకూ మొత్తం మరణాల్లో తేడా కనిపించలేదు. క్యాన్సర్ మరణాల్లోనూ, గుండె, రక్తనాళాల జబ్బుల మరణాల్లోనూ తగ్గుదల లేదు. డెన్మార్క్‌లో 30 నుంచి 60 ఏళ్ల వయసున్న 59,616 మందితో జరిగిన ఇంటర్99 ట్రయల్‌లో పరీక్షలతో ఆగకుండా, జీవనశైలి సలహాలు కూడా ఐదేళ్లపాటు ఇచ్చారు. పదేళ్ల తర్వాత చూస్తే గుండెజబ్బులు, పక్షవాతం, మరణాలు రెండు గుంపుల్లోనూ ఒకే తీరుగా ఉన్నాయి. ఏటా చెకప్ అనే పద్ధతిని మాని, వయసునూ ముప్పునూ బట్టి ఎంచుకున్న పరీక్షలే చేయాలని కెనడా నిపుణుల బృందం 1979లోనే సూచించింది.

ఈ ఫలితాలను చూసి చెకప్‌ల వల్ల ఏమీ ఒరగదని తేల్చేయడం కూడా తొందరపాటే అవుతుంది. ఆ ట్రయల్స్‌లో చాలావాటిని కొలెస్ట్రాల్ మందులు, ఇప్పటి బీపీ మందులు రాకముందే మొదలుపెట్టారు. పిలవని గుంపులోని వాళ్లు కూడా జ్వరానికో దగ్గుకో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు బీపీ చూపించుకుంటూనే ఉంటారు. పిలిస్తే వచ్చేవాళ్లు సాధారణంగా ముందే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు. అవసరం ఎక్కువున్నవాళ్లు రారు. 2021లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఇంకో సమీక్ష కూడా మరణాలు తగ్గడం లేదనే చెప్పింది. అయితే గుర్తించని దీర్ఘకాలిక జబ్బులు ఎక్కువగా బయటపడుతున్నాయని, బీపీ, కొలెస్ట్రాల్ లాంటివి కొంత మెరుగవుతున్నాయని, రుజువైన స్క్రీనింగ్‌లు చేయించుకునేవాళ్లు పెరుగుతున్నారని కూడా తేల్చింది. నా అనుభవానికి ఈ రెండో సమీక్ష దగ్గరగా ఉంది. మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టి మాట్లాడించడంలో ప్రయోజనం ఉంది. రక్తం ఎన్ని సీసాల్లో తీశారన్న దాంట్లో లేదు.

ముందే కనిపెడితే మంచిదే కదా అనే వాదన అన్నిచోట్లా నిలవదనడానికి దక్షిణ కొరియా అనుభవం చాలు. అక్కడ క్యాన్సర్ స్క్రీనింగ్ కార్యక్రమంతో పాటు మెడ అల్ట్రాసౌండ్ కూడా వాడుకలోకి రావడంతో, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993 కంటే 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. జీవితకాలంలో ఏ హానీ చేయని కణితుల్ని వెతికి పట్టుకుని ఎంతోమంది గ్రంథిని తీసేశారు. వాళ్లంతా జన్మంతా మాత్రలు వేసుకోవాలి, కొందరికి గొంతు కూడా దెబ్బతింది.

ఇంకో రకం హాని గురించి తక్కువ మాట్లాడుతాం. ఆమె నా దగ్గరకు వచ్చిన నెలలోనే 51 ఏళ్ల ఒకాయన మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేస్తోందని వచ్చారు. రెండు నెలలుగా ఉందట. ఎందుకు ఆగారంటే, "మొన్ననే చెకప్‌లో ఈసీజీ నార్మల్ వచ్చింది కదండీ" అన్నారు. విశ్రాంతిలో తీసిన ఈసీజీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన గుండె రక్తనాళాల్లో అడ్డంకి లేదని కాదు. స్క్రీనింగ్ అనేది లక్షణాలు లేనివాళ్లకు. లక్షణం వచ్చిన మరుక్షణం పాత రిపోర్టుకు కాలం చెల్లిపోతుంది.

నేను మార్చుకున్న పద్ధతి

ఒకప్పుడు నేను కూడా ఒక చెకప్ విభాగంలో సాయంత్రాలు కూర్చుని రిపోర్టుల మీద సంతకాలు పెట్టేదాన్ని. రోగిని చూడకుండానే "క్లినికల్‌గా సరిచూసుకోగలరు" అని రాసి పంపిన కాగితాలు వందల్లో ఉంటాయి. సరిచూడాల్సింది ఎవరో ఆ వాక్యంలో లేదు. ఈమె ఫైలు చదివిన రోజు రాత్రి, నేను సంతకం పెట్టిన ఎన్ని మొదటి పేజీల మీద ఇలాంటి నీలం సిరా అంకెలు ఉండిపోయాయోనని చాలాసేపు బాధపడ్డాను.

1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన విల్సన్, జుంగ్నర్ సూత్రాలు స్క్రీనింగ్‌కు ఇప్పటికీ పునాది. జబ్బు ముఖ్యమైనదై ఉండాలి, లక్షణాలు రాకముందు గుర్తించగల దశ ఉండాలి, ఆమోదించిన చికిత్స ఉండాలి, ఎవరిని రోగిగా లెక్కించాలో ముందే తేలి ఉండాలి. ఈ కొలతలకు బీపీ నిలుస్తుంది. లక్షణాలు లేని స్త్రీకి సీఏ-125 నిలవదు. ఇప్పుడు నేను ఏ పరీక్ష రాసే ముందైనా, ఫలితం ఎక్కువ వస్తే ఏం చేస్తాం, తక్కువ వస్తే ఏం చేస్తాం అని రోగితో పైకే మాట్లాడుతున్నాను. రెండింటికీ ఒకే జవాబైతే ఆ పరీక్ష రాయను.

ఆమెతో కలిసి రాసుకున్న కాగితం ఒక పేజీకి మించలేదు. బీపీ ఇంట్లోనే, మొదట వారానికి మూడు రోజులు. హెచ్‌బీఏ1సీ ఏడాదికొకసారి, ఎందుకంటే ఆమె ముందు దశలో ఉన్నారు. మూత్రంలో అల్బుమిన్ మొదట మూడు నెలలకు, తర్వాత ఆరు నెలలకు. హెచ్‌పీవీ పరీక్ష ఐదేళ్ల తర్వాత. రొమ్ము క్యాన్సర్ కోసం తీసే ఎక్స్‌రే మామోగ్రఫీని 40 దాటినవాళ్లకు రెండేళ్లకొకసారి చేయమని అమెరికా నిపుణుల బృందం 2024 నుంచి సూచిస్తోంది. దాని మేలూ, తప్పుడు పాజిటివ్‌ల బాధా రెండూ చెబితే, విని చేయించుకుంటానన్నారు. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ వచ్చే ఏడాది 45 నిండాక. ట్యూమర్ మార్కర్లు, విటమిన్ల కొలతలు, కారణం లేని స్కానింగులు ఇక లేవు. బీపీ, షుగర్ ముప్పు లేని 25 ఏళ్ల మనిషి వచ్చి ఉంటే ఈ కాగితం నాలుగు వరుసల్లో అయిపోయేది, మళ్లీ రావాల్సింది కూడా మూడేళ్లకో ఐదేళ్లకో.

తొమ్మిదో నెలలో

తొమ్మిదో నెల సందర్శనకు ఆమె ఫైలు తేలేదు, చిన్న నోటుపుస్తకం తెచ్చారు. ఇంటి కొలతల సగటు 126/80. అల్బుమిన్ నిష్పత్తి 26కు దిగింది. తలనొప్పి పోయింది. నిద్ర ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. పొట్ట మీద మచ్చ చూసినప్పుడల్లా ఆ 19 రోజులు గుర్తొస్తాయన్నారు. దానికి మానసిక వైద్యుల దగ్గరకు పంపాను.

వెళ్లబోతూ, బయట కూర్చున్న చెల్లెల్ని లోపలికి పిలిచారు. వయసు 39. అక్కకు జరిగింది చూసి భయపడి, అదే 72 పరీక్షల ప్యాకేజీకి పేరు రాయించుకుని వచ్చింది. నేను నాన్నగారి పక్షవాతం సంగతి రాసుకున్నాను, గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్ ఎప్పుడైనా జరిగిందా అని అడిగాను, లేదంది. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి బీపీ చూశాను. 138/88. ఏడు రోజుల ఇంటి కొలతలు రాసుకుని రమ్మని, అక్క మిషన్‌నే ఇచ్చి పంపాం.